ఆపమన్నాక

పొద్దున్నే నీళ్ళసీసాలు నింపడం మా ఇంట్లో నా పని. మా ఆయనకు పొడుగాటి స్టీలు సీసా, పాపకు మూత మీద చేపబొమ్మ ఉన్నది, అత్తయ్యకు గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు. మూతలు బిగించి, తడి తుడిచి, ఎవరిది వాళ్ళ చేతికందే చోట పెడతాను. నాది ఆఖరున, సగానికి నింపుతాను. ఆ సగంలోనూ సగం సాయంత్రం నాతోపాటే ఇంటికి తిరిగొస్తుంది. నేను పనిచేసే అంతస్తులో ఆడవాళ్ళకంటూ బాత్‌రూం లేదు. ఒకటి పెద్ద డాక్టరుగారి గదిలో ఉంది. ఆయన ఉన్నప్పుడు వెళ్ళలేం, లేనప్పుడు తాళం ఉంటుంది. మరొకటి రెండంతస్తుల కింద, రోగుల వరసలో నిలబడితే దొరుకుతుంది. అందుకని తాగను. తల వెనక్కి వంచి, కళ్ళు మూసుకుని, గటగటా నీళ్ళు తాగే ఆడమనిషి ఎక్కడైనా కనబడితే, కదిలే ఆమె గొంతుకేసి చూస్తూ ఉండిపోతాను. నగలు చూసి, ఇళ్ళు చూసి, పక్కింటి పిల్లల మార్కులు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు. నేను నీళ్ళు తాగేవాళ్ళను చూసి కుళ్ళుకుంటాను.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నేను పనిచేసేది ఆసుపత్రిలో మూత్రవ్యాధుల విభాగంలోనే. అక్కడ ఒక పరిశోధన జరుగుతోంది. పద్దెనిమిదికీ పాతికకీ నడుమ వయసున్న ఆడపిల్లలూ మగపిల్లలూ వస్తారు. పెళ్ళైనవాళ్ళు, కానివాళ్ళు. తమ మనిషితో దగ్గరగా ఉన్నప్పుడు కలిగే సుఖం, భయం, నొప్పి, ఆ తర్వాత మూత్రంలో మంట, పదేపదే తిరగబెట్టే ఇన్ఫెక్షన్లు, వీటన్నిటి గురించీ మేము అడుగుతాం, వాళ్ళు చెబుతారు, బల్లమీది చిన్న యంత్రం వింటుంది. పేర్లు అడగం. ఆడపిల్లల గది నాదీ, నాకంటే పదేళ్ళు చిన్నదైన మరో అమ్మాయిదీ. ఆ అమ్మాయిని అందరూ చిన్నది అంటారు. నన్ను పెద్ద డాక్టరుగారు అమ్మా అంటారు. ఆ పిలుపు వెనకాలే ఒక పని వస్తుంది. "అమ్మా, మీటింగుకి కాఫీలు చెప్పండి." "అమ్మా, ఆ పిల్ల ఏడుస్తోంది, కాస్త చూడండి." "అమ్మా, మీకు ఓపికెక్కువ, ఈ టైపింగు కూడా మీరే చేసెయ్యండి." ఓపిక నాకు పుట్టుకతో వచ్చిన జబ్బయినట్టు, దానికి మందు లేనట్టు మాట్లాడతారు.

నా గొంతంటే మాత్రం ఆయనకు గురి. మంట ఉందా, ఎన్నాళ్ళుగా, దగ్గరైన తర్వాత ఎక్కువవుతోందా, ఎవరికైనా చెప్పారా. ఈ నాలుగు ప్రశ్నలూ రోజూ అడుగుతాను. కొలిచి పోసినట్టు, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా కాకుండా. అడుగుతున్నప్పుడు లోపల నా జవాబులు కూడా వరసగా నడుస్తుంటాయి. ఉంది. పాప పుట్టినప్పటినుంచి. అవుతోంది. నాలుగోదాని దగ్గర ఆగిపోతాను, చెప్పడమంటే ఏమిటో నాకు తేలదు కనక. మంట సంగతి మా ఆయనకు తెలుసు. "నీళ్ళు తాగు, అదే పోతుంది" అన్నాడు, టీవీ మీదినుంచి కళ్ళు తిప్పకుండా. అత్తయ్యకూ తెలుసు. "ఆడపుట్టుక పుట్టాక ఆమాత్రం ఉండదుటే? మేం కనలేదా, పెంచలేదా?" అంది. నొప్పి సంగతి ఒకసారి చెప్పాను. ఒక్కసారే. ఆ తర్వాత పళ్ళబిగువున ఓర్చుకోవడం నేర్చుకున్నాను, సీసా సగమే నింపడం నేర్చుకున్నట్టు.

మా ఆయన చెడ్డవాడు కాడు. ఈ వాక్యం నేను ఎవరడిగినా అడగకపోయినా అంటుంటాను. తాగడు, చెయ్యెత్తడు, పాపను బడిలో దింపుతాడు. స్నేహితులొస్తే మాత్రం నా మీద ఒక జోకు ఉంది ఆయన దగ్గర. "మా ఆవిడది ఒంటేళ్ళ లెక్కలు రాసే ఉద్యోగంరా. ఊళ్ళో పిల్లలందరి గుట్టూ దీని దగ్గరే ఉంది. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేదు." వాళ్ళు నవ్వుతారు. కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను. లోపలికి రాగానే అత్తయ్య గొంతు తగ్గించి అంటుంది: "నలుగురిలో ఆ ఉద్యోగం ఊసెత్తకు. ఆడపిల్లల ఆరోగ్యం అను, చాలు. మిగతాది మింగెయ్." మింగడం కొత్తేమీ కాదు కనక తలూపుతాను.

ఇలా ఉండగా ఒకరోజు ఎర్ర హెల్మెట్ చంకన పెట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. తనూ ఒక కుర్రాడూ కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారట. పెళ్ళి సంగతి ఇంకా తేల్చుకోలేదట. ఈమధ్య రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షను వచ్చి తగ్గింది. కుర్చీలో కూర్చుంటూనే తన సంచిలోంచి సీసా తీసి సగం ఖాళీ చేసింది. అప్పుడే నాకు ఆ పిల్లంటే పడలేదు.

"నొప్పి ఎప్పుడైనా ఉందా?" అని అడిగాను.

"ఉందండి. కిందటి నెల. బాగానే నొప్పి."

"అప్పుడు ఏం చేశారు?"

"ఆపమన్నానండి."

ఇలాంటిచోట మేము మాట్లాడకూడదు. వచ్చినవాళ్ళు తమంతట తాము కొనసాగించేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకోవాలి. ఊరుకున్నాను.

"ఆపాడు" అంది ఆ అమ్మాయి. స్విచ్చి వేశాను, లైటు వెలిగింది, అన్నంత మామూలుగా అంది. తర్వాత ఏదో గుర్తొచ్చి నవ్వింది. "ఆ తర్వాత ఇద్దరికీ ఆకలేసింది. లేచి బ్రెడ్డు కాల్చుకుని తిన్నాం. వాడు మాడ్చేశాడు కూడా."

నా కాగితం మీద తర్వాతి ప్రశ్న నీళ్ళు రోజుకు ఎంత తాగుతారన్నది. నేను అది అడగలేదు.

"అతనికి కోపం రాలేదా?" అన్నాను.

"ఎందుకండీ?"

"మీరు ఆపమన్నందుకు."

ఆ పిల్ల కనుబొమలు దగ్గరకు వచ్చాయి. కోపంతో కాదు, లెక్క అర్థం కానివాళ్ళకు వచ్చినట్టు. "నొప్పి నాకు కదండీ. వాడికెందుకు కోపం?"

అక్కడైనా ఆగి ఉండవలసింది. ఆగలేదు. ఇంకా అడిగాను. ఏమేం అడిగానో ఆ క్షణంలో నాకే తెలియదు. పుండు మీది పెచ్చు లాగడం మొదలుపెట్టిన వేలు ఎక్కడ ఆగాలో తెలియనట్టు అడుగుతూనే పోయాను. ఆ పిల్ల ఓర్పుగా అన్నిటికీ జవాబులు చెప్పింది. నాకు కావలసిన జవాబు ఒక్కటీ చెప్పలేదు. నాకేం కావాలో కూడా దాచుకోను: ఆ కుర్రాడు ముఖం తిప్పుకున్నాడని చెబితే బాగుండుననిపించింది. మర్నాడు మాట్లాడలేదనీ, గిన్నె విసిరాడనీ, కనీసం ఒక్క నిట్టూర్పయినా విడిచాడనీ చెబితే, లేచివెళ్ళి ఆ పిల్లను కౌగిలించుకుని ఉండేదాన్ని. ఇంకో ఆడపిల్ల కూడా నాలాగే బాధపడాలని కోరుకునేంత దూరం వచ్చేశానని, ఆ కోరిక తీరనందుకు ఒళ్ళు మండుతోందని అప్పుడే అర్థమైంది.

వరండాలో ఆ కుర్రాడు ఉన్నాడు. చూడాలని వెనకాలే వెళ్ళాను. పరీక్షల గది చూపిస్తానన్న నెపంతో. ఎలా ఉంటాడనుకున్నానో చెప్పలేను, వెలుగు చక్రం ఒకటి తల వెనక ఉంటుందనుకున్నానేమో. గెడ్డం కింద మొటిమలు, ఒక బూటుకి తాడు ఊడిపోయి ఉంది, కాఫీ మిషనును పక్కనుంచి అరచేత్తో కొడుతున్నాడు. నన్ను చూసి సర్దుకుని, "ఆంటీ, ఇది పనిచెయ్యదా?" అన్నాడు. ముప్పై నాలుగేళ్ళకే ఆంటీనయ్యాను. ఆ అమ్మాయి హెల్మెట్ వాడి చేతికిచ్చి పరీక్షల గదిలోకి వెళ్ళింది. వాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫోనులో ఏదో ఆట ఆడుకుంటూ కూర్చున్నాడు. అంతే. ఇంత మామూలు మనిషి. మహాత్ముడైతే నాకు ఊరట ఉండేది. మహాత్ములు అందరికీ దొరకరు కనక, దొరకలేదని సరిపెట్టుకునేదాన్ని. కాఫీ మిషనును కొట్టేవాడు, బ్రెడ్డు మాడ్చేవాడు, ఇలాంటివాడు చెయ్యగలిగిన పని అన్నమాట అది. ఇది చూశాక సరిపెట్టుకునే దారి కూడా మూసుకుపోయింది.

ఆ వారమంతా ఇంట్లో మా ఆయనను ఆ కుర్రాడి పక్కన నిలబెట్టి చూస్తూ గడిపాను. ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ చూశాను, విప్పి పడేసిన మేజోళ్ళు మంచం కిందనుంచి తీస్తూ చూశాను. ఒకనాడు ఆయనే అడిగాడు: "ఏమిటలా చూస్తున్నావ్, కొత్త పెళ్ళికొడుకుని చూసినట్టు?" ఏమీ లేదన్నాను. "ఏమీ లేకపోతే ఉప్పు ఎందుకు మర్చిపోయావ్?" అన్నాడు. అత్తయ్య గిన్నె ముందుకు జరిపి, "దాని బుర్ర ఇక్కడ లేదులేరా, ఆసుపత్రిలో సీసాలో పెట్టి వచ్చింది" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. అత్తయ్య జోకు మా ఆయన జోకుకంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది. అందులోనూ నేను వెనకబడ్డాను.

మా విభాగంలో ఒక పద్ధతి ఉంది. వారం చివర, మధ్యాహ్నం భోజనాలయ్యాక, తలుపులు వేసుకుని అందరం కలిసి రికార్డింగులు వింటాం. ఎవరి సంభాషణ వస్తుందో ముందుగా చెప్పరు. అడిగేవాళ్ళ గొంతు ఎక్కడైనా ఒరిగిందా, జవాబును తమవైపు లాగిందా అని చూసుకోవడానికి. ఇన్నేళ్ళలో నా రికార్డింగు వచ్చినప్పుడల్లా పెద్ద డాక్టరుగారు, "విన్నారా, ఇలా అడగాలి" అనేవారు. ఆ వారం వినబడింది ఎర్ర హెల్మెట్ అమ్మాయి గొంతు.

బ్రెడ్డు దగ్గరికి వచ్చాక గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. ఆ తర్వాత నా గొంతు వచ్చింది. అది నాదని గుర్తుపట్టడానికి నాకే కాసేపు పట్టింది. సన్నగా, పైకి లేచి, తొందరపడుతూ ఉంది.

"నిజంగా కోపం రాలేదా? అటు తిరిగి పడుకోలేదా? మర్నాడు మీతో నేరుగానే మాట్లాడాడా? ఎదురుగా మీరుండగా మీతో చెప్పాల్సిన మాట ఇంకొకరితో చెప్పించాడా? వాళ్ళమ్మ అడగలేదా, వాడి మొహం అలా ఉందేమిటని? మళ్ళీ దగ్గరికి మీరే వెళ్ళారా? తప్పు మీదేనని మీరే అన్నారా?"

ఒకదాని వెనక ఒకటి. మధ్యమధ్యలో ఆ పిల్ల "లేదండీ... లేదే... వాళ్ళమ్మకెందుకు తెలుస్తుందండీ?" అంటోంది. నా కుర్చీలో నేను చిన్నదాన్నవుతూ వచ్చాను. నలుగురి ముందు ఒంటిమీది బట్ట జారినా అంత సిగ్గుపడి ఉండేదాన్ని కాదు. ఎందుకంటే అవి ప్రశ్నలు కావు, మా ఇల్లు. మా ఇంటి గదులన్నీ తలుపులు తీసి ఆ బల్లమీద పరిచినట్టుంది.

మగపిల్లల గదిలో ప్రశ్నలడిగే అతను మొదట నోరు విప్పాడు. "పాపం ఆ కుర్రాడి మీద కేసు పెట్టేలా ఉన్నారే మేడమ్." నవ్వులు. పెద్ద డాక్టరుగారు యంత్రం ఆపి కళ్ళజోడు తీశారు. "ఏమిటమ్మా ఇది? మీ గొంతు తూకం వేసినట్టుంటుంది కదా. పోలీసులు అడిగినట్టు అడిగారు. ఒంట్లో బాగాలేదా? సరే, ఈ ముక్క తీసేద్దాం."

"తీసెయ్యొద్దు సార్" అంది చిన్నది.

ఆయన అటు తిరిగారు. చిన్నది లేచి నిలబడలేదు, గొంతు పెంచలేదు. పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది, అంతే.

"మనం ఇన్నాళ్ళుగా నొప్పుందా అని అడుగుతున్నాం. ఏం చేశారని అడుగుతున్నాం. ఎవరైనా ఆపమన్నానని చెబితే సరేనని టిక్కు పెట్టి ముందుకు పోతున్నాం. ఆపమన్నాక ఏమైందని ఒక్కరం కూడా అడగలేదు సార్. అక్క అడిగింది. ఎక్కువమంది అసలు ఆపమనే అనరు కదా, ఎందుకనరో ఈ ప్రశ్నల్లో ఉందేమో."

మగపిల్లల గది అతను గోడ గడియారంకేసి చూశాడు. నాకు కృతజ్ఞత కలగాలి. కలిగింది అసూయే. పెన్ను మూత పెట్టినంత తేలిగ్గా ఒక మగవాడి మాటకు అడ్డం వెళ్ళగలిగింది. నేను పదేళ్ళు ముందు పుట్టి, తనకంటే ఎక్కువేళ్ళు పనిచేసి, అమ్మా అంటే కాఫీలు చెప్పాను. ఆ క్షణంలో ఆ పిల్లకు జడ పట్టుకుని ఒక్కటివ్వాలనిపించింది, ఒళ్ళో తల పెట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండిట్లో ఏది ముందో తెలియలేదు.

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "చూద్దాం. ముందు మీలో మీరు అడిగి చూడండి. తర్వాత చెప్పండి."

అదీ మా పద్ధతే. కొత్త ప్రశ్న ఏదైనా బయటివాళ్ళను అడిగేముందు మాలో ఒకరం ఇంకొకరిని అడగాలి; అదే గదిలో, అవే కుర్చీల్లో, యంత్రం మాత్రం ఆపేసి. జవాబులు నిజంగా ఇవ్వాలన్నది నియమం. అది నేనెప్పుడూ పాటించలేదు. నా కోసం ఒక ఆడమనిషిని తయారుచేసుకున్నాను. ఆవిడకు నొప్పి ఉండదు. ఆవిడ అలసిపోయిందని ముఖం చూసి కనిపెట్టే భర్త ఉంటాడు. ఆవిడ ఇంట్లో పక్కమీద ఎవరి మాట నెగ్గాలన్న ప్రశ్నే రాదు. కుర్చీలో కూర్చోగానే ఆవిడ నాలోకి వచ్చి గడగడా జవాబులు చెప్పి వెళ్ళిపోయేది. లేనిపోని మనిషి, నా నోటితో మాట్లాడే మనిషి. అయినా ఆవిడ వెళ్ళిపోయాక ఖాళీ కుర్చీలో మిగిలిన నాకు ఆవిడ మీద కళ్ళలో నిప్పులు పోసుకున్నంత మంటగా ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం చిన్నది నన్ను కూర్చోబెట్టింది. రెండు కుర్చీలు, నడుమ చిన్న బల్ల, దానిమీద కాగితపు రుమాళ్ళ పెట్టె. కిటికీలోంచి కింద బళ్ళు నిలిపే చోటు కనబడుతోంది.

"మీకు నొప్పిగా ఉండి ఆపమన్న సందర్భం ఏదైనా ఉందా?"

"ఉంది" అన్నాను. ఆ ఆవిడ వచ్చేసింది. "ఒకసారి అన్నాను. ఆపారు."

"ఆపమన్నాక ఏమైంది?"

ఎప్పుడూ గడగడా మాట్లాడే మనిషికి నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఏమవుతుందో ఆవిడను పుట్టించిన నాకే తెలియదు కదా. చూడని ఊరి దారి ఎలా చెబుతుంది? తడుముకున్నాను, వెతుక్కున్నాను, దొరికింది అందుకున్నాను.

"ఇద్దరికీ ఆకలేసింది. లేచి బ్రెడ్డు కాల్చుకుని తిన్నాం."

చిన్నది నవ్వలేదు. ముందురోజే ఆ మాట ఎర్ర హెల్మెట్ పిల్ల గొంతులో విన్నది. అయినా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. ఎలా ఊరుకోవాలో ఆ పిల్లకు నేర్పింది నేనే. ఇంకొకరి ఇంట్లో మాడిన బ్రెడ్డు ముక్కను కూడా దొంగిలించానని అప్పుడు తెలిసింది. ఎంత ఆకలితో ఉంటే అంత పని చేస్తుంది మనిషి.

"అది నాది కాదు" అన్నాను చివరికి.

"తెలుసక్కా."

"నాది చెప్పమంటావా?"

"మీ ఇష్టం. అక్కర్లేదంటే ఇక్కడితో ఆపేస్తాను."

ఆపేస్తానంది. నన్నడిగి, నా ఇష్టమంది. అంతకుముందు ఎవరూ నాతో అనని మాట. చెప్పడం మొదలుపెట్టాను.

పాపకు మూడో నెల. కుట్లు మానాయని అందరూ నిర్ణయించారు. నొప్పి తట్టుకోలేక, దణ్ణం పెడతాను ఆపండి అన్నాను. ఆపాడు. అవును, మా ఆయన కూడా ఆపాడు. కానీ తెల్లారి లేచి నాతో మాట్లాడలేదు. నేను పక్కనే నిలబడి ఉండగా, "అమ్మా, నా నీలం చొక్కా ఎక్కడుందో అడుగు" అన్నాడు. అత్తయ్య నాకేసి తిరిగి, "నీలం చొక్కా ఎక్కడుందిటే?" అంది. నేను అత్తయ్యకు చెప్పాను, అత్తయ్య ఆయనకు చెప్పింది. ముగ్గురం ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. ఎన్నాళ్ళు జరిగిందో లెక్కపెట్టలేదు. వడ్డిస్తే సగం తిని లేచేవాడు. పాపను ఎత్తుకుంటే నా చేతుల్లోంచి కాక మంచం మీదనుంచి ఎత్తుకునేవాడు. చివరికి అత్తయ్య వంటింట్లో నన్ను నిలబెట్టి, "వాడి మొహం అలా మాడిపోయిందేమిటే, ఏమన్నావు?" అంది. ఏమన్నానో ఏమని చెబుతాను? ఆ సాయంత్రమే నేనుగా వెళ్ళి, తప్పు నాదేనన్నాను. ఆయన నవ్వి, జుట్టు నిమిరి, "పిచ్చిమొహమా, నేను నిన్నేమన్నానని?" అన్నాడు. నిజమే, ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనకపోవడమే ఆయన చేసింది. ఆ తర్వాత నేను ఆపమనలేదు. పాపకిప్పుడు ఏడేళ్ళు.

చెప్పడం అయిపోయాక చిన్నది రుమాళ్ళ పెట్టె నావైపు జరిపింది. జాలి పడలేదు, ఆయనను తిట్టలేదు. నా గొంతులాంటి గొంతుతో, కొలిచి పోసినట్టు, అడిగింది.

"మంట ఉందా?"

"ఉంది."

"ఎన్నాళ్ళుగా?"

"అప్పటినుంచి."

"దగ్గరైన తర్వాత ఎక్కువవుతోందా?"

"అవుతోంది."

"ఎవరికైనా చెప్పారా?"

"ఇప్పుడే" అన్నాను.

అప్పుడు మాత్రం ఆ పిల్ల నియమం తప్పింది. నా చెయ్యి పట్టుకుని లేపింది. "కింద ఓపీలో డాక్టరమ్మ నాలుగింటిదాకా ఉంటుంది. పదండక్కా. నేను రానా, మీరే వెళ్తారా?"

నేనే వెళ్ళాను. రోజూ ఇతరులను పంపే వరసలో నిలబడ్డాను. ఓపీలో ఉండే డాక్టరమ్మ నన్ను వరండాలో వంద సార్లు చూసి ఉంటుంది. ఎవరికో చీటీ కోసం వచ్చాననుకుంది. నాకేనన్నాక పైనుంచి కిందికి చూసి, "ఇక్కడే పనిచేస్తూ ఇన్నేళ్ళా? దీపం కింద చీకటంటే ఇదే" అంది. కసిరింది, పరీక్ష చేసింది, మళ్ళీ కసిరింది. పూర్తిగా తగ్గకుండా తిరగబెడుతూ వస్తున్న ఇన్ఫెక్షను. దానికితోడు నొప్పికి భయపడి భయపడి బిగుసుకుపోయిన కండరాలు. రెండూ నయమయ్యేవేనట. మందులు రాసింది, కండరాలు వదులయ్యేందుకు చెయ్యాల్సిన వ్యాయామం నేర్పింది, నీళ్ళు తాగమంది. నయమయ్యేవేనన్న ఆ మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ కాపురాన్ని చూసి వచ్చిన ఏడుపది. రోగాన్ని చూసి కాదు.

"నెలన్నర మీ ఆయన దూరంగా ఉండాలి" అంది డాక్టరమ్మ, పెన్ను ఎత్తి. "కాగితం మీద రాసివ్వనా? చాలామంది రాయించుకెళ్తారు. మనం చెబితే అలక, డాక్టరు చెబితే పథ్యం."

రాయమన్నాను. నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకున్నాను.

ఇల్లు చేరేసరికి పాప ఆడుకోవడానికి వెళ్ళింది. అత్తయ్య ముందుగదిలో టీవీ చూస్తోంది. మా ఆయన వెనక వసారాలో పాత పేపరు పరుచుకుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. సంచి భుజాన అలాగే ఉంది.

"ఏవండీ, నాకు మంటా నొప్పీ ఉన్నాయి. పాప పుట్టినప్పటినుంచి ఉన్నాయి. మందులు మొదలుపెట్టాను."

"నీళ్ళు తాగమన్నానుగా."

"తగ్గేదాకా నెలన్నర పడుతుంది. అన్నాళ్ళూ నా దగ్గరికి రావద్దు. తగ్గాక కూడా, నొప్పనిపించి ఆపమంటే ఆపాలి. ఆపాక మీ అమ్మతో నాకు కబుర్లు పంపకూడదు."

గోళ్ళ కత్తెర ఆగింది. ఆయన ముందుగదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"డాక్టరు చెప్పిందా?"

ఆ అడగడంలో కోపం లేదు. ఆశ ఉంది. చెప్పిందంటే చాలు, తలూపడానికి సిద్ధంగా ఉన్న ముఖం. పథ్యంలాగా, ఎముక విరిగితే వేసే కట్టులాగా, గడువు తీరేదాకా బుద్ధిగా పాటించేస్తాడు. నామీద అలగనవసరం లేదు, అత్తయ్య అడిగినా చెప్పుకోవడానికి ఒక కారణం ఉంటుంది. సంచిలో కాగితం ఉంది. అందులో ఉన్నది అబద్ధం కూడా కాదు. మా ఇంట్లో అడుగు పెట్టని డాక్టరమ్మ మాట, ఇంకా మడత విప్పకుండానే, మా పడకగదిలో చెల్లుబాటైపోయింది. తొమ్మిదేళ్ళుగా అందులో నిద్రపోతున్న నా మాటకు ఆ రాత ఇంకా పట్టలేదు. ఆ నీలిసిరా అక్షరాల మీద నాకు చెప్పలేనంత అసూయ కలిగింది.

"కాదండీ" అన్నాను. "నేను చెబుతున్నాను."